మద్ది ఆకు వెనకవైపు

ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠం చెప్పి, నల్లమద్ది చెట్టును ఒక్కసారీ ఎదురుగా నిలబడి చూడలేదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వండి, నిజం అదే. నేను ఉద్యోగం చేసింది తణుకులో. చుట్టూ వరి, కొబ్బరి, కాలవలు. నల్లమద్ది మా కాలేజీ బీరువాలో ఉండేది, ఎండిపోయి, అట్టకు అతుక్కుని, కలరా ఉండల వాసనతో. అట్ట కింది మూల ఒక చిన్న చీటీ. దాని మీద రెండు వరుసలు: సేకరించినవారు, గుర్తించినవారు. మొదటి వరుసలో ఏ పిల్లవాడి పేరైనా ఉండొచ్చు. రెండో వరుసలో మాత్రం ఎప్పుడూ నా పేరే. ఆ వరుసంటే నాకు మహా మోజు.

పోయినేడు రిటైరయ్యాను. మోకాళ్లు పనిచేస్తుండగానే కరక కుటుంబం చెట్లను వాటి సొంత చోట్ల చూసి రావాలనుకున్నాను. కరక కుటుంబం అంటే మీకు తెలియనిదేమీ కాదు. పెరట్లో ఎర్రాకులు రాల్చే బాదం చెట్టు, గోడ మీద పాకే రాధామనోహరం, దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే కరక్కాయ, మా కాలవగట్ల తెల్లమద్ది, అన్నీ ఒక ఇంటివాళ్లే. ఆకు ఒంటిది, అంచుకు రంపప్పళ్లు ఉండవు. పూలు నలుసంత, కంకికి గుచ్చినట్టు ఉంటాయి, చాలావాటికి రేకులే ఉండవు. కాయలో ఒక్కటే గింజ. కొన్ని కాయలకు రెక్కలు. వీటన్నిటికంటే ముందు నేను పిల్లలకు నూరిపోసిన గుర్తు ఇంకొకటుంది. తొడిమ వెళ్లి ఆకును కలిసే చోట ఆవగింజల్లా రెండు బుడిపెలు. శాస్త్రంలో గ్రంథులంటాం. "బుడిపెలు చూడు, కుటుంబం చెప్పు" అని ఎన్ని వందలమందికి చెప్పానో లెక్కలేదు. ఆ మాటే వచ్చి నా మెడకు చుట్టుకుంది. అది చెప్పడానికే ఈ రాత.

గద్వాల: మిరుగు నాటి చేపలు

గద్వాలలో నా పాత శిష్యురాలు పద్మజ ఉంటుంది. మా తణుకు పిల్లే, పాలమూరు కోడలైంది. అక్కడ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. భర్త శేఖర్ ఇటిక్యాల మండలంలో ఒక గ్రామ పంచాయతీకి కార్యదర్శి.

నేను దిగిన రోజు మృగశిర కార్తె. వీళ్లు మిరుగు అంటారు. మిరుగు నాడు ఇంటింటా చేప ఉడకాల్సిందేనట. బజారులో చేపల గంపల చుట్టూ తీర్థంలా జనం. మా గోదావరి వాళ్లకు చేప తినడానికి కార్తెలెందుకు, మాకు రోజూ మిరుగే అని నేను గొప్ప పోయాను. చేపలమ్మే ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి నన్ను పైనుంచి కిందకు చూసింది.

"మీకు నీళ్లున్నయి, తింటరు. మాకు వానొస్తదన్న సంబరానికి తింటం," అంది. రవ్వ చేప కిలో రెండు వందలు చెప్పింది. బేరానికి దిగబోయాను. "గీయాల బేరం వద్దక్కా. రేపు రా, నూటయాభైకిస్త. కని రేపు మిరుగు గాదు," అంది. నోరు మూసుకుని రెండు వందలు ఇచ్చాను.

పద్మజ అత్తగారు వండిన పులుసులో మా వైపులా మామిడికాయా లేదు, బెండకాయా లేదు. చింతపండు, వేయించిన మెంతిపొడి, మంటెత్తే కారం. దానికి జొన్న రొట్టె. రొట్టె నేను కొడతానని పీట ముందు కూచున్నాను. మొదటిది చేతిలోనే మూడు ముక్కలైంది, రెండోది పెనం దాకా వెళ్లి విరిగింది. పెద్దావిడ నా చేతిలోంచి పిండి తీసేసుకుంది.

సాయంత్రం ఒక నేతగాడి ఇంటికి తీసుకెళ్లారు. గద్వాల చీరకు ఒంట్లో నూలు, అంచులో పట్టు. ఆ రెండూ కలిసే చోట ఒక్కో పోగునూ చేత్తో మెలేసి కలుపుతున్నాడు. తలెత్తకుండానే నన్ను అడిగాడు, "మీరేం పని జేస్తరమ్మా?"

"చెట్టును చూసి పేరు చెబుతానండి."

"పేరు జెప్తే ఏమైతది?"

ఏమవుతుందో మర్నాడు తెలిసింది.

ఇటిక్యాల దగ్గర నర్సరీ

రాత్రి అన్నాల దగ్గరే శేఖర్ మొదలుపెట్టాడు. "మేడం, పోయినేడు వాగు గట్టుకు మద్ది మొక్కలు పెంచమని పైనుంచి చెప్పిండ్రు. విత్తనం యాడ దొరకలే. మా నర్సరీల పని చేసే మరియమ్మ తానే నల్లమల దాక పోయి సంచెడు కాయలు మోసుకొచ్చింది. మొక్కలు మోకాలెత్తు పెరిగినయి. ఇప్పుడు మండలం నుంచి ఒక సారు వచ్చి, ఇవి మద్దే కావు, మా ఆఫీసు ముందట మద్ది ఉంది, దాని ఆకు నున్నగుంటది, ఇది గరుకు అన్నడు. జర మీరొకసారి చూడుండ్రి. మీరేం చెప్తే అదే రాస్త."

పిలవడమే ఆలస్యం, నేను పొద్దున్నే భూతద్దం పట్టుకుని తయారు.

ఇటిక్యాల ఉన్నది నడిగడ్డలో. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు తుంగభద్ర. అయినా మెట్టే ఎక్కువ. దారి పొడవునా పత్తి విత్తులకు దున్ని పెట్టిన ఎర్ర చేలు, ఆకాశం వైపు చూస్తున్న రైతులు. నర్సరీ ఊరి బయట, పచ్చటి వల కప్పిన పందిరి. కింద రెండువేల నల్ల సంచులు, సంచికో మొక్క. చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకున్న ఒక సన్నటి మనిషి రబ్బరు గొట్టంతో నీళ్లు పడుతోంది. ఆమే మరియమ్మ. నలభై ఉంటాయేమో. మమ్మల్ని చూసి గొట్టం కింద పెట్టి, చేతులు చొక్కాకు తుడుచుకుని వచ్చింది.

నేను వంగి ఆకులు చూశాను. ఎదురెదురు ఆకులు, పట్టుకుంటే నూగు. తొడిమ దగ్గర భూతద్దం పెట్టాను. బుడిపెల్లేవు. ఇంకో మొక్క చూశాను. లేవు. పది మొక్కలు చూశాను. పదింటికీ లేవు. ఎదురెదురు ఆకులు, బుడిపెలు లేవు అంటే నాకు అడవి చెట్లలో ఇంకో పేరు తట్టింది.

"ఇది చెన్నంగి," అన్నాను. "మద్ది కాదు. అసలు ఆ కుటుంబమే కాదు."

మరియమ్మ నా మొహంలోకి చూసింది. "గదేంది మేడమ్? నేను చెట్టు చూసే కాయలేరిన. చెక్కు గీరి కాల్చిన. ఆ బూడిద ఆకుల పెట్టుకొని వక్కతోని నమిలి మరీ చూసిన. నోరు ఎర్రగైంది. మద్ది గాకుంటే ఎర్రగెట్లయితది? మా అమ్మ ఎంబడి తునికాకుకు పోయినప్పుడు నేర్చుకున్న."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉంటుంది. "బెరడు బూడిద నమిలి చెట్టు పేరు చెప్పడం ఏ పుస్తకంలోనూ లేదమ్మా. ఆకు మీద గుర్తు ఉండాలి. లేదు. అంతే."

"పెద్ద చెట్టుకు జూడుండ్రి. గివి పసిపిల్లలు."

"తల్లికున్న పోలిక పిల్లకు రాదా?" అన్నాను. నా సామెతకు నేనే మురిసిపోయాను.

శేఖర్ రిజిస్టరులో నేను చెప్పింది రాశాడు. కింద సంతకం పెట్టాను, డిగ్రీలతో సహా. శుక్రవారం కూలీలను పెట్టి సంచులు ఖాళీ చేయిస్తానని, కానుగ గింజలు పెట్టిస్తానని అన్నాడు. మరియమ్మ అడిగింది, "మరి నేను?"

శేఖర్ రిజిస్టరు మూశాడు. "సారేమంటడో చూద్దాం మరియమ్మా. ఏడాది తప్పు మొక్క పెంచిందంటే వేరేవాళ్లను పెట్టుమనే అంటడు."

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. వెళ్లి నీళ్ల పంపు కట్టేసింది. వస్తూ తనలో తాను అన్నట్టు, "మల్ల పూనానే," అంది.

ఆటోలో, నాతో వచ్చిన పద్మజ చెప్పింది. మరియమ్మా, మొగుడూ పదకొండేళ్లు పూనాలో బిల్డింగుల పనికి వలస పోయారు. కూతురు అక్కడే రేకుల షెడ్లో పెరిగింది, బడి మొహం చూడలేదు. నర్సరీ పని దొరికాక మూడేళ్ల కింద ఊరికి తిరిగొచ్చారు. పిల్లను ఆలస్యంగా, వయసు చూసి పై తరగతిలోనే బడిలో వేశారు, ఇప్పుడు ఏడో తరగతి. ఈ పని పోతే ముగ్గురూ మళ్లీ బస్సెక్కాల్సిందే.

"పాపం," అన్నాను. "కానీ శాస్త్రం శాస్త్రమే కదా."

అలవాటు కొద్దీ ఒక మొక్కనుంచి చిన్న కొమ్మ తుంచి, వార్తాపత్రిక మడతలో పెట్టాను. చీటీ రాశాను. చెన్నంగి. సేకరించినవారు, నేను. గుర్తించినవారు, నేను.

వనపర్తి: త్రిఫల డబ్బా

వనపర్తి నాకు నచ్చింది. సంస్థానం నాటి కోటలో ఇప్పుడు కుర్రాళ్లు చదువుకుంటున్నారు. గేటు దగ్గర బజ్జీల బండి, ఒకప్పుడు దివాన్లు నడిచిన మెట్ల మీద సెల్‌ఫోన్లు చూసుకునే పిల్లలు. ఊళ్లో ఒక ప్రహరీ పక్కన తెల్లమద్ది కనబడింది. బూడిదరంగు నున్నటి మాను, పెచ్చులూడుతున్న బెరడు. ఆకు తుంచితే తొడిమ చివర రెండు బుడిపెలు, అచ్చం మా కాలవగట్టు మీది చెట్టుకున్నట్టే. చూశావా అని గాల్లోకి అన్నాను. నన్ను నేను మెచ్చుకోవడానికి ఆ రోజు ఇంకెవరూ దొరకలేదు.

బజారులో వనమూలికల కొట్టు ఉంటే ఆగాను. తెల్లగడ్డం పెద్దాయన గోనె సంచుల మధ్య కూచుని ఉన్నాడు. యాభై రూపాయల త్రిఫల కట్టమన్నాను. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ ఒకే డబ్బాలోంచి తీసి తూచాడు. నా నోరు ఊరుకోదు కదా. "ఇందులో రెండే ఒక కుటుంబం తెలుసా సాయిబుగారూ? కరక, తాని అక్కచెల్లెళ్లు. ఉసిరి పరాయిది."

"నా డబ్బాల ముగ్గురు ఒక్కటే ఇంటోళ్లమ్మా," అన్నాడాయన పొట్లం కడుతూ.

మాటల్లో మాటగా నర్సరీ సంగతి చెప్పాను, నా గొప్ప కోసమే. ఆయన పొట్లానికి దారం చుట్టడం ఆపాడు.

"చెన్నంగా? చిన్నప్పుడు మద్ది, చెన్నంగి జర ఒక్కతీర్గనే ఉంటయి. నలభై ఏండ్లసంది గీ ధందా చేస్తున్న. నేనైతే చెక్కు చూడంది చెప్ప." దారం తెంపి పొట్లం చేతికిచ్చాడు. "మీరు సదువుకున్నోళ్లు. మీకు తెలుస్తదేమో."

ఆ చివరి మాట ముల్లులా దిగింది. లాడ్జికి పోతుంటే వాన పట్టుకుంది, చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో కుంటుతూ, వానను తిట్టుకుంటూ వెళ్లాను. నిజానికి తిట్టుకోవాల్సింది వానను కాదు. అప్పుడే శేఖర్‌కు ఫోన్ చేసి, రెండు రోజులు ఆగు, పెద్ద చెట్టు చూసి చెబుతాను అని ఉండాల్సింది. నా సంతకాన్ని నేనే అనుమానిస్తానా? చెయ్యలేదు.

నాగర్‌కర్నూల్ బస్సు

ఇక్కడ ఆడవాళ్లకు బస్సు ఉచితం. నా ఆధార్ కార్డు చూసి కండక్టరు తల అడ్డంగా ఊపాడు. "మీది ఆంధ్రది. టికెట్ తీస్కోవాలె." బస్సు నిండా ఆడవాళ్లే. నేనొక్కదాన్నే డబ్బులు తీస్తుంటే అందరూ నా వైపే చూశారు. పక్క సీటావిడ ఒడిలో కోడిపుంజును సర్దుకుంటూ, "మా మరిది ఒగడు పెండ్లి గాక ఉన్నడక్కా. చేసుకో, రేపటిసంది నీకు గూడ ఫిరీ," అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు అరవై రెండు, మా ఆయన తణుకులో భేషుగ్గా ఉన్నాడు అని చెప్పాక ఇంకా నవ్వారు.

నాగర్‌కర్నూల్లో దిగేసరికి మబ్బు కమ్మి ఉంది. హోటల్లో జొన్న గటక, పచ్చి పులుసు తిన్నాను. గటక అంటే జొన్న రవ్వ సంకటి. పచ్చి పులుసులో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన ఎండుమిర్చి నలిపి వేస్తారు. మా ఇంట్లో పులుసు పొయ్యి మీద మరగకపోతే అది పులుసే కాదు. ఇక్కడ మరిగితే పాడైందంటారు. ఆ రాత్రి ఊరంతా తడిసేలా వాన కురిసింది. వీధిలో జనం వానలోకి వచ్చి నిలబడ్డారు. నాకూ సంతోషమే వేసింది. ఆ వాన నడిగడ్డలో కూడా కురుస్తోందని, కురిస్తే అక్కడ ఏమవుతుందని, నాకు తట్టలేదు.

మన్ననూరు: గురువమ్మ డబ్బీ

గురువారం పొద్దున అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరాను. నల్లమల అక్కడ మొదలవుతుంది. రోడ్డు పక్క టీ కొట్టు అరుగు మీద ఒక ముసలామె తేనె సీసాలు పెట్టుకుని కూచుంది. చెంచు ఆవిడ, పేరు గురువమ్మ. నోరంతా ఎర్రగా పండి ఉంది. నల్లమద్ది చెట్టు చూడాలమ్మా అన్నాను. తేనె కొంటేనే లేస్తానంది. సీసా కొన్నాను. లేచింది.

రోడ్డు దిగి పది నిమిషాలు నడిచామో లేదో ఆమె ఒక మానును అరచేత్తో చరిచింది. "గిదే."

నేను ఆగిపోయాను. ఎండిన చెరువు నేల పగుళ్లిచ్చినట్టు నల్లటి బెరడు, చదరం చదరంగా పెచ్చులు. ముప్పై ఏళ్లు అట్ట మీద చూసిన చెట్టు ఇంత ఎత్తుందా అనిపించింది. పైన కొత్తాకుల మధ్య పాలిపోయిన పూకంకులు. కింద పోయినేటి కాయలు, అయిదు వెడల్పు రెక్కలతో. బెరడు మీద చెంప ఆనించాను. సిగ్గేమీ పడలేదు. గురువమ్మ మాత్రం నవ్వింది.

చెట్టు కింద కూచుని ఆమె నడుముకు దోపుకున్న రేకు డబ్బీ తీసింది. తమలపాకు మీద తెల్లటి పొడి రాసింది. సున్నమా అన్నాను. మా వైపు సున్నం ఆల్చిప్పలు కాల్చి చేస్తారు. అడవిలో ఆల్చిప్పలెక్కడివి?

"గీ చెట్టుదే బిడ్డా. చెక్కు కాలిస్తే సున్నమైతది. వేరే చెట్టు బూడిద ఏస్తే నోరు పండదు, పొక్కుతది."

మరియమ్మ అన్నదీ ఇదే మాట. చెట్టు మొదట్లోనే మోకాలెత్తు పిల్లమొక్క ఒకటి ఉంది. ఎదురెదురు ఆకులు, గరుకు నూగు. అచ్చం ఇటిక్యాల సంచుల్లోవే. తొడిమ మీద బుడిపెల కోసం వెతికాను. లేవు. పెద్ద చెట్టు కిందికొమ్మ అందుకుని చూశాను. తొడిమ మీద అక్కడా లేవు!

"ఏం దేవులాడుతున్నవ్?" అంది గురువమ్మ. బుడిపెల సంగతి చెప్పాను. ఆమె నా చేతిలోంచి ఆకు లాక్కుని బోర్లా తిప్పింది. వెనకవైపు, నడిమి ఈనె పక్కనే, మొదలుకు కాస్త పైన, రెండు బుడిపెలు. చిన్న గిన్నెల్లా, స్పష్టంగా.

"మద్దాకుకు మొటిమెలు ఎనక ఉంటయి. ముందట చూస్తే ఏం కనవడతది?"

పుస్తకంలో ఆ వాక్యం ఉంది. కొన్ని జాతుల్లో ఆకు అడుగున అని. ప్రతి ఏడూ దాన్ని చదివి దాటేసేదాన్ని, మా కాలవగట్టు మద్దికి పనికిరాదని. సంచిలోంచి వార్తాపత్రిక మడత తీశాను. చెన్నంగి అని నేను చీటీ రాసిన కొమ్మ. ఆకులు ఒక్కొక్కటీ తిరగేశాను. పైనవాటికి లేవు. ముదురాకుకు, అన్నిటికంటే కిందిదానికి, వెనక రెండు బుడిపెలు ఉన్నాయి. మూడు రోజులుగా నా సంచిలోనే ఉన్నాయి. అక్కడే కూలబడ్డాను. ఇంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

"ఏమైంది బిడ్డా, పానం బాగలేదా?"

"బాగానే ఉందమ్మా. ఒక మనిషి పని పోగొట్టాను."

ఫోన్ తీస్తే సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. శుక్రవారం ఇంకా రేపు కదా అని ధైర్యం చెప్పుకుంటూ దొరికిన బస్సెక్కి అచ్చంపేట వచ్చాను. బస్టాండులో నిలబడి పద్మజకు ఫోన్ చేశాను.

"అయ్యో మేడం, రాత్రి వాన పడింది కదా. రేపు అందరూ పత్తి విత్తుకు పోతారు, కూలీలు దొరకరని ఈయన ఇవాళే పెట్టించారు. పొద్దున్నించి సంచులు ఖాళీ చేస్తున్నారు."

"ఆపమను!" అని అరిచాను. బస్టాండంతా తిరిగి చూసింది. "అవి మద్దే. నల్లమద్దే. తప్పు నాది, ఆపమను!"

మళ్లీ ఇటిక్యాలకు

శుక్రవారం ఎర్రవల్లి చౌరస్తాలో దిగి ఆటోలో వెళ్లాను. పందిరి కింద సగం సంచులు నిలబడి ఉన్నాయి. మిగతా సగం చోట ఖాళీ నల్ల తొక్కలు గుట్టగా పడి ఉన్నాయి. శేఖర్ తల వంచుకుని, "మీ ఫోన్ వచ్చేసరికి వెయ్యి మొక్కలు పీకేసిండ్రు మేడం," అన్నాడు.

"పీకినవి ఏవి? గుంటలో పోశారా?"

"పోద్దామనుకున్నం. మరియమ్మ పోనియ్యలే."

వాగు గట్టు మీద ఉంది మరియమ్మ. ఆమె, మొగుడు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. తడి గోనెల కింద మొక్కల కట్టలు. గడ్డపారతో గుంట, గుంటలో మొక్క, కాలితో మట్టి అదమడం. అప్పటికే గట్టు సగం దాకా వరుస పెట్టేశారు. నిన్న మధ్యాహ్నం నుంచి నాటుతున్నారట. నా ఫోన్ రాకముందునుంచే.

"మద్ది కాదని నేను చెప్పాక కూడా ఎందుకు నాటావమ్మా?" అన్నాను.

ఆమె నడుము ఎత్తింది. "మద్ది గాకుంటే మీరన్న చెన్నంగే గానియ్యి. గట్టును పట్టుకుంటది గదా? ఏడాది నీళ్లు పోసిన. పారేస్తనా?" గడ్డపార నేలలో గుచ్చింది. "సోమారం పూనా బస్సు. పోయేలోపు పెట్టి పోదామనుకున్న."

నేను ఆకు తిరగేసి చూపించాను. అందరి ముందూ చెప్పాను, నీదే నిజం, నాకు తెలియలేదు, వెనక చూడలేదు అని. ఆమె ఆకు అందుకుని ఆ రెండు బుడిపెలు వేలితో తడిమి చూసింది. ఊరుకో మేడమ్, పర్లేదు అంటుందనుకున్నాను. అనలేదు.

"నేను చెప్పలేనా? పెద్ద చెట్టుకు జూడుమన్న. కాల్చి చూసిన అన్న. మీరు నగిండ్రు." కళ్లు ఎర్రబడ్డాయి. "ఏండ్లకేండ్లు సదువు చెప్పినోళ్లు గద మీరు, గింత ఆకు మర్లేసి చూడనీకె ఏమైంది మీకు? నీళ్ల పైపు కట్టేసినంక నా బిడ్డకు ఏం చెప్పాల్నో తెల్వక రాత్రంత కూసున్న."

తప్పయిపోయిందమ్మా అన్నాను. చీర కుచ్చిళ్లు దోపుకుని బురదలో కూచుని మొక్కలు అందించాను. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. పదో మొక్కో, పదకొండో మొక్కో అందిస్తుంటే, "ఏర్లు గట్ల వంచొద్దు, సక్కగ పట్టుండ్రి," అంది. అలా సాయంత్రం దాకా తిట్లు తింటూ పట్టాను.

పని అయ్యాక పంచాయతీ ఆఫీసులో కూచుని కాగితం రాశాను. ఇవి నల్లమద్ది మొక్కలని, మండలం ఆఫీసు ముందున్న నున్నాకు చెట్టు తెల్లమద్దని, మొదట నేను చెప్పింది తప్పని, ఎందుకు తప్పో, ఆకు ఎటువైపు చూడాలో. శేఖర్ నా ముందే మండలం సారుకు ఫోన్ చేశాడు. ఆయన చాలాసేపు ఏదో అడిగాడు. శేఖర్ మధ్యమధ్య "అవున్సార్, వెనక సార్, ఆకు వెనక," అంటున్నాడు. చివరకు ఫోన్ పెట్టేసి, గుమ్మం దగ్గర నిలబడ్డ మరియమ్మ వైపు తిరిగాడు.

"సోమారం నర్సరీకి రా. పూనాకు కాదు."

ఆమె గుమ్మం దాటి నా దగ్గరికి వచ్చింది. తర్వాత కొంగుముడి విప్పింది. తమలపాకు, వక్క, చిన్న కాగితం పొట్లంలో తెల్లటి బూడిద. పోయినేడు చెట్టు దగ్గర కాల్చినదాంట్లో మిగిలిందట. మడిచి నా చేతిలో పెట్టింది. "నములుండ్రి. పుస్తకంల లేదంటిరి గద."

మా ఇంటావంటా లేదు తాంబూలం నమలడం. నమిలాను. గద్వాల బస్టాండులో అద్దంలో చూసుకుంటే పళ్లు, నాలుక, పెదాలు కుంకుమ. నాకోసం వచ్చిన పద్మజ నన్ను చూసి నోరు నొక్కుకుంది.

తణుకు వచ్చిన వారానికి శేఖర్ ఫోన్ చేశాడు. గట్టు మీద నాటినవాటిలో సగానికి పైగా చిగురు పట్టాయట. మిగతావి ఎండిపోయాయి. పీకకుండా ఉంటే అవీ బతికేవి. ఆ మాట అతను అనలేదు, నేనే అనుకున్నాను. మరియమ్మ కూతురు రోజూ బడికి పోతోందట.

వార్తాపత్రికలోని కొమ్మ అప్పటికి బాగా ఎండింది. అట్టకు అంటించాను, ముదురాకును బోర్లా తిప్పి, వెనకవైపు పైకి కనబడేలా. పాత చీటీ చించేసి కొత్తది రాశాను. నల్లమద్ది. సేకరించినవారి వరుసలో నా పేరు. తర్వాతి వరుస దగ్గర కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు. గుర్తించినవారు, మరియమ్మ. ముప్పై ఏళ్లలో ఆ వరుసలో నా పేరు లేని అట్ట అదొక్కటే.